అడ్డం ఎవరూ రాని ఆ కిక్, అరుదుగా కనిపించే ఇంకొన్ని కిక్కింగ్ నియమాలు

మీ ప్రశ్న చదివాను అండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2024 డిసెంబర్‌లో చార్జర్స్, బ్రాంకోస్ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూస్తున్నారు. మొదటి సగం గడియారంలో సున్నా పడింది. అయినా చార్జర్స్ కిక్కర్‌కి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ పోస్టుల మధ్య నుంచి పంపడం) అవకాశం ఇచ్చారు, అవతలి జట్టు దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయింది. అదెలా కుదిరింది? ఇలాంటివి ఇంకేమున్నాయి? సాకర్ ఆడే మీ అబ్బాయిని ఇక్కడ న్యూజెర్సీలో వాళ్ల హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ ఈ ఏడాది కిక్కర్‌గా తీసుకున్నాడు కాబట్టి వాటిలో వాడికి అవసరమయ్యేవి ఏవి? డ్రాప్ కిక్ సంగతేమిటి, మీరు చూసిన కిక్ వాడికీ దొరుకుతుందా, దెబ్బ తగులుతుందా అని కూడా రాశారు.

నేనూ న్యూజెర్సీలోనే ఉంటాను. 11 ఏళ్లుగా హైస్కూల్ ఆటలకి అఫీషియల్‌గా, అంటే మైదానంలో నియమాలు చూసేవాళ్లలో ఒకడిగా వెళ్తున్నాను. వారమంతా ఆఫీసు పని, శుక్రవారం సాయంత్రం చారల చొక్కా. ఎక్కువగా బ్యాక్ జడ్జ్‌గా నిలబడతాను, అంటే అందరికంటే వెనక. పంట్ చేసిన బంతి నా వైపుకే వస్తుంది, ఫీల్డ్ గోల్ అయితే పోస్టు కింద ఉండేది నేనే. అందుకని ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీరు చూసిన కిక్. దాని పేరు ఫెయిర్ క్యాచ్ కిక్.

నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోలేమనిపించిన జట్టు నాలుగోసారి బంతిని ఎత్తుగా, దూరంగా తన్నేసి అవతలి వాళ్లకి అప్పగిస్తుంది, అదే పంట్. (ఇక్కడ యార్డ్ అంటే సరిగ్గా మన గజమే, అందుకే గజాలనే రాస్తాను.) ఆ బంతి కింద నిలబడ్డ ఆటగాడు ఒక చెయ్యి తల పైకెత్తి అటూ ఇటూ ఊపితే, 'నేను పట్టుకుంటాను కానీ పరిగెత్తను, నన్ను ముట్టుకోవద్దు' అని అర్థం. అది ఫెయిర్ క్యాచ్. ఇంతవరకు ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. తెలియనిది దాని తర్వాతి వెసులుబాటు. అలా పట్టుకున్న జట్టు కావాలంటే మామూలుగా ఆట మొదలుపెట్టొచ్చు, లేదా పట్టుకున్న చోటు నుంచే గోల్ పోస్టుకి గురిపెట్టి బంతిని తన్నొచ్చు. పోస్టుల మధ్య నుంచి వెళ్తే మామూలు ఫీల్డ్ గోల్‌లాగే 3 పాయింట్లు. అవతలి జట్టు 10 గజాల దూరంలో నిలబడాలి. స్నాప్ (మామూలుగా ఆట మొదలుపెడుతూ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించడం) ఉండదు, మీదకి దూకేవాళ్లు ఉండరు. ఒకడు బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకుంటాడు, కిక్కర్ తీరిగ్గా పరిగెత్తుకుంటూ వచ్చి తన్నుతాడు.

ఆ రోజు జరిగింది చూడండి. 2024 డిసెంబర్ 19, గురువారం రాత్రి. డెన్వర్ (అదే బ్రాంకోస్) 21-10 ఆధిక్యంలో ఉంది. మొదటి సగంలో చివరి సెకన్లలో డెన్వర్ పంట్ చేసింది. చార్జర్స్ ఆటగాడు డేరియస్ డేవిస్ చెయ్యి ఊపి ఫెయిర్ క్యాచ్ అడిగాడు, కానీ డెన్వర్ ఆటగాడొకడు అతన్ని ఢీకొట్టాడు. అది 15 గజాల పెనాల్టీ. దాంతో బంతి డెన్వర్ 47 గజాల గీత (డెన్వర్ గోల్ గీతకి 47 గజాల దూరం) దగ్గరికి వచ్చింది, గడియారంలో సమయం అయిపోయింది. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఈ ప్రొఫెషనల్ లీగ్‌లో, పీరియడ్ సమయం ముగిసేటప్పటి పంట్‌కి ఫెయిర్ క్యాచ్ దొరికితే, ఈ కిక్ కోసం ఆ పీరియడ్‌ని పొడిగించమని అడగొచ్చు. చార్జర్స్ కోచ్ అదే అడిగాడు. కామెరన్ డిక్కర్ 57 గజాల నుంచి కొట్టేశాడు. సగం 21-13తో ముగిసింది, చివరికి చార్జర్స్ 34-27తో గెలిచారు.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. పోస్టులు గోల్ గీతకి 10 గజాల వెనక ఉంటాయి. ఫెయిర్ క్యాచ్ కిక్‌లో బంతిని ఆ గీత మీదే నిలబెడతారు కాబట్టి 47కి 10 కలిపితే 57. అదే మామూలు ఫీల్డ్ గోల్ అయితే బంతి వెనక్కి స్నాప్ అయ్యి దాదాపు 7 గజాలు వెనక నుంచి తన్నాలి, అప్పుడది 64 అయ్యేది. ఆ 7 గజాలు కలిసిరావడం, మీదకి దూకేవాళ్లు లేకపోవడం, ఈ రెండే ఈ కిక్‌లో ఉన్న లాభం.

దీనికి ముందు ఎన్ఎఫ్ఎల్‌లో ఇలా పాయింట్లు వచ్చింది 1976లో. అదీ చార్జర్స్ జట్టే, అప్పుడు శాన్ డియేగోలో ఉండేది. రే వెర్షింగ్ అనే కిక్కర్ 45 గజాల నుంచి కొట్టాడు. మధ్యలో 48 ఏళ్లు ఒక్కటీ పోస్టుల మధ్యకి వెళ్లలేదు. ప్రయత్నించలేదని కాదు. 2013లో ఫిల్ డాసన్ 71 గజాల నుంచి ప్రయత్నించాడు, చాలలేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1964లో గ్రీన్ బే ఆటగాడు పాల్ హార్నంగ్ 52 గజాల నుంచి కొట్టాడు. 1968లో షికాగో కిక్కర్ మ్యాక్ పెర్సివల్ ఆట చివరి నిమిషంలో 43 గజాల నుంచి కొట్టి, అదే గ్రీన్ బే మీద 13-10తో గెలిపించాడు.

ఇంత తేలిగ్గా కనిపించే కిక్ ఇంత అరుదెందుకంటే, ఇది అక్కరకొచ్చే పరిస్థితే అరుదు. బంతి ఫెయిర్ క్యాచ్‌గా దొరకాలి, పోస్టుకి అందేంత దగ్గరలో దొరకాలి, మామూలుగా ఆట ఆడుకోవడానికి సమయం మిగలకూడదు. మూడూ ఒకేసారి కలిసేది ఎప్పుడో. పైగా గురి తప్పి బంతి తక్కువ దూరంలో పడితే అవతలి వాళ్లు దాన్ని పట్టుకుని పరిగెత్తొచ్చు. ఆ సమయంలో తన్నినవాళ్ల జట్టు అంతా ఒకే చోట గుంపుగా ఉంటుంది.

ఈ నియమం రగ్బీ నుంచి వచ్చింది. అక్కడ బంతిని శుభ్రంగా పట్టుకున్నవాడికి ఆ చోటు నుంచి అడ్డు లేకుండా తన్నే హక్కు ఉండేది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆ చెట్టు కొమ్మే కదా, ఈ హక్కు దానితోపాటే వచ్చింది. కాలేజీ ఆటలో దీన్ని తీసేశారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఉంది, హైస్కూల్ నియమాల్లో ఉంది. అంటే మీ అబ్బాయికి ఈ అవకాశం ఇప్పుడుంది, రేపు కాలేజీకి వెళ్తే ఉండదు. టెక్సస్‌లో మీ బంధువులు ఉంటే వాళ్ల పిల్లలకి ఇది ఇప్పుడే లేదు. ఆ రాష్ట్రంలో హైస్కూల్ ఆటలు కూడా కాలేజీ నియమాలతోనే ఆడతారు. డాలస్ నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇక్కడికొచ్చి తికమకపడడం నేను చూశాను.

మీ రెండో ప్రశ్నకి వస్తాను. వింత నియమాలు చాలానే ఉన్నాయి. వాటిని విడివిడిగా కంఠస్థం చేస్తే ఏదీ గుర్తుండదు. నేను కొత్తవాళ్లకి చెప్పేది ఒకటే: బంతిని తన్నగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఏ రకం కిక్? బంతి గీత (స్నాప్‌కి ముందు బంతి ఉన్న చోటి గీత, దాన్నే స్క్రిమేజ్ లైన్ అంటారు) దాటిందా? గీత దాటాక ముందు ఎవరు ముట్టుకున్నారు? వింతగా కనిపించే వాటిలో చాలావరకు ఈ మూడింటికి జవాబు దొరికితే విడిపోతాయి.

కిక్‌లు రెండు జాతులు. ఆట మొదట్లో, ప్రతి స్కోరు తర్వాత తన్నే కిక్కాఫ్ ఫ్రీ కిక్. దాన్ని ఆపడానికి ఎవరూ మీదకి రారు. అది 10 గజాలు దాటాక, లేదా అంతకంటే ముందే అవతలి వాళ్లు ముట్టుకున్నాక, ఇరు జట్లలో ఎవరు పట్టుకుంటే వాళ్లది. పంట్, ఫీల్డ్ గోల్ రెండో జాతి. స్నాప్ తర్వాత, స్క్రిమేజ్ లైన్ వెనక నుంచి తన్నేవి. ఇవి గీత దాటి వెళ్లాక తన్నిన జట్టుకి బంతి మీద హక్కు ఉండదు, అవతలి వాళ్లు ముందు ముట్టుకుంటే తప్ప. ఆ 'తప్ప' అన్న మాట దగ్గరే ఆటలు తారుమారయ్యాయి.

డాలస్ జట్టు కౌబాయ్స్ ఆటగాడు లియాన్ లెట్ కథ మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. 1993 నవంబర్ 25, థాంక్స్‌గివింగ్ రోజు, డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో మంచు కురుస్తోంది. కౌబాయ్స్ 14-13తో ముందున్నారు, 15 సెకన్లు మిగిలాయి. మయామీ కిక్కర్ పీట్ స్టోయనోవిచ్ 41 గజాల ఫీల్డ్ గోల్ కొట్టబోతే కౌబాయ్స్ అడ్డుకున్నారు. బంతి గీత దాటి మంచు మీద గిరగిరా తిరుగుతోంది. కౌబాయ్స్ వాళ్లు ఎవరూ ముట్టుకోకపోతే చాలు, అది ఆగిపోయి వాళ్లదే అవుతుంది, ఆట గెలిచినట్టే. మిగతా ఆటగాళ్లు చేతులు చాపి దూరంగా ఉండమని సైగలు చేస్తున్నారు. ఎక్కడి నుంచో లెట్ పరిగెత్తుకుంటూ వచ్చి బంతి మీద పడబోయి జారాడు, కాలు తగిలింది. ఆ క్షణం నుంచి బంతి ఎవరిదైనా కావచ్చు. మయామీ వాళ్లు 1 గజం గీత దగ్గర పట్టేసుకున్నారు. స్టోయనోవిచ్ మళ్లీ తన్నాడు, ఈసారి 19 గజాలే. మయామీ 16-14తో గెలిచింది.

లెట్ అంటే నాకు చాలా గౌరవం. నేల మీద బంతి కనిపిస్తే దాని మీద పడమని చిన్నప్పటి నుంచి నేర్పిస్తారు, ఆ అలవాటే అతని కాళ్లని నడిపించింది. ఈ నియమం తెలిసి ఉండడం ఒక్కటే చాలదు, ఆ అర సెకనులో ఒంటికి తెలియాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, చాలామంది ఆటగాళ్లకే తెలియదు. పంట్ చేసిన బంతిని గీత అవతల తన్నిన జట్టువాడే ముందు ముట్టుకున్నాడనుకోండి. అది నేరం కాదు, కానీ ఆ చోటు అవతలి జట్టు ఖాతాలో పడుతుంది. అప్పుడు మేము నేరం జరిగిందని చూపే పసుపు జెండా విసరం, నడుముకి వేలాడే చిన్న గింజల సంచిని ఆ చోట పడేస్తాం. బంతి ఇంకా కదులుతుంటే అవతలి ఆటగాడు దాన్ని తీసుకుని పరిగెత్తొచ్చు. బాగా పరిగెత్తాడా, ఆ లాభం వాళ్లదే. చేతిలోంచి జారిపోయి తన్నిన జట్టుకి దొరికిందా, అప్పుడు 'ఆ సంచి పడ్డ చోటు నుంచి బంతి మాకివ్వండి' అని తీసుకోవచ్చు. మధ్యలో పెనాల్టీ ఏదీ అడ్డు రాకపోతే అది పోయేదేమీ లేని పరుగు. ఏ ఆటలోనైనా మైదానం మీద ఆ సంచి కనిపిస్తే చూడండి, పంట్ పట్టేవాడికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఎవరు ముందు ముట్టుకున్నారన్న ప్రశ్న ఎంత కష్టమో నాకు స్వయంగా తెలుసు. నా నాలుగో ఏడాదిలో, వాన పడుతున్న ఒక రాత్రి, పంట్ చేసిన బంతి నేల మీద పడి ఎగిరి ఒక పిల్లవాడి మోకాలికి తగిలింది. తన్నిన జట్టు దాని మీద పడింది. ముట్టుకున్నాడు కదా అని బంతి వాళ్లకే ఇచ్చాను. ఇంకో రెండు స్నాప్‌ల తర్వాత వాళ్లు బంతిని గోల్ గీత దాటించారు, అంటే టచ్‌డౌన్ అయింది, ఆ స్కోరుతోనే ఆట ముగిసింది. మర్నాడు వీడియో చూస్తే, ఆ పిల్లవాడిని తన్నిన జట్టువాడే వెనక నుంచి నెట్టి బంతి మీదకి తోశాడు. హైస్కూల్ నియమాల్లో అలా నెట్టడం వల్ల తగిలితే ఆ స్పర్శని లెక్కలోకి తీసుకోకూడదు. బంతి ఆ పిల్లవాడి జట్టుదే. నియమం నాకు తెలుసు, నేను చూసింది మాత్రం మోకాలిని, దాని వెనకున్న చేతుల్ని కాదు. వాడు ఆట తర్వాత హెల్మెట్ తియ్యకుండా బెంచీ మీద కూర్చుని ఉండడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ సీజన్ నుంచి పంట్ కింద నిలబడినప్పుడు నేను బంతినీ, పట్టేవాడి చుట్టూ మూడు గజాల్నీ కలిపి చూడడం అలవాటు చేసుకున్నాను.

ఇక బంతి గీత దాటకపోతే కథ పూర్తిగా వేరు. అడ్డుకున్న బంతి గీత వెనకే పడితే అది ఇద్దరిదీ. తన్నిన జట్టువాడు తీసుకుని పరిగెత్తొచ్చు, ఇంకొకరికి విసరొచ్చు, మళ్లీ తన్నొచ్చు కూడా. 2021 అక్టోబర్ 7న సియాటిల్, రామ్స్ ఆటలో మైకేల్ డిక్సన్ చేసింది అదే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ ఇతను. రామ్స్ వాళ్లు అతని పంట్‌ని అడ్డుకున్నారు. బంతి పక్కకి దొర్లితే పరిగెత్తి ఒంగి తీసుకున్నాడు, ముందుకి రెండడుగులు వేశాడు, గీత దాటబోయే ముందు మళ్లీ తన్నాడు. అది 68 గజాలు పోయింది. రెండోసారి తన్నడం కుదరదేమోనని మైదానంలో చాలామంది అనుకున్నారు. బంతి గీత దాటలేదు కాబట్టి కుదురుతుంది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో పరిగెడుతూ తన్నడమే పని, అందుకే ఆ క్షణంలో అతనికి అది తట్టింది.

గురి తప్పిన ఫీల్డ్ గోల్ కూడా బతికున్న బంతే. దీనికి ఉదాహరణ అమెరికాలో ఎవరినడిగినా చెప్తారు. 2013 నవంబర్ 30, కాలేజీ జట్లు అలబామా, ఆబర్న్ ఆట, 28-28 సమానం. సమయం అయిపోయిందనుకుంటే అలబామా కోచ్ అడగడంతో ఒక్క సెకను వెనక్కి పెట్టారు. ఆ సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్‌కి ప్రయత్నించారు. బంతి చాలలేదు. పోస్టు కింద ఎండ్ జోన్‌లో (గోల్ గీత వెనకున్న చోటు) నిలబడ్డ ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 34-28. దాన్ని 'కిక్ సిక్స్' అంటారు. ఫీల్డ్ గోల్ జట్టులో ఉండేది భారీ శరీరాల వాళ్లు, అడ్డుగోడలా నిలబడడమే వాళ్ల పని. అలాంటివాళ్లు మైదానం పొడుగునా ఒక వేగమైన ఆటగాడిని వెంబడించాలంటే కష్టం.

ఇక్కడ మీ అబ్బాయికి సంబంధించిన ముక్క ఉంది. న్యూజెర్సీ హైస్కూల్ నియమాల్లో కిక్ సిక్స్ ఇలా జరగదు. తన్నిన బంతి గోల్ గీత దాటగానే, పోస్టుల మధ్య నుంచి పోయే అవకాశం లేకపోతే, అది అక్కడే చచ్చిపోతుంది, క్రికెట్‌లో డెడ్ బాల్ అన్నట్టు. ఎండ్ జోన్‌లోంచి ఎత్తుకుని పరిగెత్తడం కుదరదు. కిక్కాఫ్‌కీ ఇదే వర్తిస్తుంది, గోల్ గీత దాటితే టచ్‌బ్యాక్, అంటే పరుగు లేకుండా అవతలి జట్టు ఒక నిర్ణీత గీత నుంచి ఆట మొదలుపెడుతుంది. కాబట్టి బాగా బలంగా తన్నే కిక్కర్ హైస్కూల్లో కోచ్‌కి పెద్ద వరం. ప్రతి కిక్కాఫ్‌నీ గీత దాటించగలిగితే అవతలి వాళ్లకి పరుగనేదే ఉండదు. కానీ గీతకి ముందే పడిన ఫీల్డ్ గోల్‌ని మాత్రం ఎత్తుకుని పరిగెత్తొచ్చు, అది గుర్తుంచుకోవాలి. గురి తప్పిందని తల పట్టుకుని నిలబడకుండా వెనక్కి పరిగెత్తమని ఇప్పుడే చెప్పండి. చివరగా అడ్డుపడాల్సింది వాడే కావచ్చు.

డ్రాప్ కిక్ గురించి కూడా అడిగారు. బంతిని చేతిలోంచి వదిలి, అది నేలకి తగిలి లేస్తున్న క్షణంలో తన్నడం. నేలకి తగలకుండా తన్నితే పంట్, దానితో పాయింట్లు రావు. తగిలాక తన్నితే డ్రాప్ కిక్, పోస్టుల మధ్య నుంచి పోతే పాయింట్లు వస్తాయి. తొలి రోజుల్లో బంతి ఇప్పటికంటే గుండ్రంగా ఉండేది, పైకి సూటిగా లేచేది. బంతి కొసలు మొనదేలుతూ వచ్చే కొద్దీ అది నేల మీద పడి ఎటు ఎగురుతుందో నమ్మకం లేకుండా పోయింది, ఈ విద్య మరుగున పడింది. 1941 ఎన్ఎఫ్ఎల్ చాంపియన్‌షిప్ ఆటలో ఒక డ్రాప్ కిక్ పాయింటు తెచ్చింది. ఆ తర్వాతది 2006 జనవరి 1న. న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ డగ్ ఫ్లూటీ, అప్పటికి 43 ఏళ్లు, మయామీ మీద టచ్‌డౌన్ తర్వాతి అదనపు పాయింటుని డ్రాప్ కిక్‌తో కొట్టాడు. 64 ఏళ్లపాటు ఎవరూ చెయ్యలేనిది. నియమం మాత్రం ఆ 64 ఏళ్లూ పుస్తకంలో అలాగే ఉంది.

ఒక్క పాయింటు సేఫ్టీ అన్నది కూడా కాసేపు చెప్పుకోదగ్గది. టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింటుకి తన్నిన బంతిని అవతలి జట్టు అడ్డుకుని, మైదానంలో పట్టుకుని, తనంతట తానే వెనక్కి తన ఎండ్ జోన్‌లోకి పోయి అక్కడ దొరికిపోతే, తన్నిన జట్టుకి 1 పాయింటు. మామూలు ఆటలో ఇలా తన ఎండ్ జోన్‌లోనే దొరికిపోవడాన్ని సేఫ్టీ అంటారు, దానికి 2, ఇక్కడ 1. 2013 జనవరిలో అరిజోనాలో జరిగిన ఫియెస్టా బౌల్ అనే కాలేజీ ఆటలో ఇదే జరిగింది. ఆరెగాన్ కిక్‌ని కాన్సస్ స్టేట్ అడ్డుకుంది, బంతి పట్టుకున్నవాడు పరిగెత్తే దారి వెతుక్కుంటూ వెనక్కి వెనక్కి పోయాడు. ఆరెగాన్‌కి ఒక పాయింటు కలిసింది, 35-17తో గెలిచింది. అంతకుముందు 2004లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం ఆటలోనూ జరిగింది. ఎన్ఎఫ్ఎల్‌లో ఇలా ఇంతవరకు రాలేదు.

సేఫ్టీ అన్నాను కాబట్టి ఇంకొకటి. మామూలు సేఫ్టీ తర్వాత పాయింట్లు పోగొట్టుకున్న జట్టే మళ్లీ బంతిని తన్ని అప్పగించాలి. అది ఫ్రీ కిక్, కానీ పంట్ చెయ్యొచ్చు. మీదకి వచ్చేవాళ్లు ఉండరు కాబట్టి కొన్నిసార్లు కావాలనే సేఫ్టీ ఇచ్చేస్తారు. 2013 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) బాల్టిమోర్ 34-29తో ముందుండి, తన గోల్ గీత దగ్గరే ఇరుక్కుంది, 12 సెకన్లు ఉన్నాయి. పంటర్ శామ్ కుక్ (Sam Koch) తన్నలేదు. ఎండ్ జోన్‌లోనే అటూ ఇటూ తిరిగి 8 సెకన్లు తినేసి గీత బయటికి అడుగేశాడు. 2 పాయింట్లు పోయాయి, 34-31. మిగిలిన 4 సెకన్లలో ఏ ఒత్తిడీ లేకుండా దూరంగా తన్నాడు, ఆట అయిపోయింది. ఆ రెండు పాయింట్లకి కొనుక్కున్నది ఎనిమిది సెకన్లు, భద్రమైన ఒక కిక్. నాకు చాలా నచ్చిన నిర్ణయాల్లో అదొకటి.

కిక్కాఫ్ గురించి ఎక్కువ చెప్పను, ఎన్ఎఫ్ఎల్‌లో అది ఈమధ్య బాగా మారింది. 2024 నుంచి కిక్కర్ ఒక్కడే వెనక నుంచి తన్నుతాడు, అతని జట్టు మిగతా పదిమందీ అవతలి 40 గజాల గీత దగ్గర ముందే నిలబడి ఉంటారు, బంతి పడేదాకా కదలకూడదు. దెబ్బలు తగ్గించడానికి తెచ్చిన మార్పు ఇది. దీనితో పోయింది దొంగచాటు ఆన్‌సైడ్ కిక్. 2010 సూపర్ బౌల్‌లో న్యూ ఆర్లీన్స్ రెండో సగం మొదట్లో ఎవరూ ఊహించకుండా బంతిని 10 గజాలు దాటేలా చిన్నగా తన్ని తనే పట్టేసుకుంది, చివరికి ఆట కూడా గెలిచింది. 2025 సీజన్ నియమాల ప్రకారం వెనకబడ్డ జట్టే ఆన్‌సైడ్ కిక్ చెయ్యాలి, చేస్తామని ముందే చెప్పాలి. హైస్కూల్లో చెప్పనక్కర్లేదు. కానీ అక్కడ వేరే నిషేధం ఉంది. టీ (బంతిని నిలబెట్టే ప్లాస్టిక్ దిమ్మ) మీద నుంచి బంతిని నేలకేసి కొట్టి ఒక్క బౌన్స్‌తో ఎత్తుగా లేపే పద్ధతిని 2017 నుంచి ఆపేశారు. బంతి గాల్లో ఉండగా దాని కింద నిలబడ్డ పిల్లవాడి మీదకి అవతలి జట్టంతా వచ్చి పడేది, అందుకని.

ఇప్పుడు సాకర్ పిల్లవాడికి ప్రత్యేకంగా. అన్నిటికంటే ముఖ్యమైనది, నేల మీద దొర్లుతున్న బంతిని తన్నకూడదు. సాకర్‌లో పెరిగినవాడికి ఇది చాలా కష్టం. స్నాప్ చెడిపోయి బంతి కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వస్తుంది, కాలు దానంతటదే లేస్తుంది. అది 10 గజాల పెనాల్టీ. నేను జెండా విసిరిన కొత్త కిక్కర్లలో ఎక్కువమంది ఇదే చేశారు. బంతి మీద పడుకోవాలి, లేదా ఎత్తుకుని పరిగెత్తాలి. ప్రాక్టీస్‌లో కావాలని చెడ్డ స్నాప్‌లు ఇప్పించుకుని వాడి చేత ఇది అలవాటు చేయించమని కోచ్‌ని అడగండి.

తర్వాత టీ సంగతి. బంతిని నిలబెట్టే ఆ ప్లాస్టిక్ దిమ్మని హైస్కూల్లో ఫీల్డ్ గోల్‌కీ వాడుకోనిస్తారు, 2 అంగుళాల ఎత్తు దాకా. కాలేజీలో 1989 నుంచి లేదు, నేల మీద నుంచే తన్నాలి. వాడికి కాలేజీ ఆశ ఉంటే ఇప్పటి నుంచే రోజూ సగం కిక్‌లు నేల మీద నుంచి కొట్టించండి. రెండూ కాలికి వేరు వేరుగా తెలుస్తాయి.

కిక్కర్‌కి దెబ్బ తగులుతుందేమోనని మీకు టెన్షన్‌గా ఉందని రాశారు. తన్నిన కాలు కిందికి దిగి నిలదొక్కుకునేదాకా వాడిని ఢీకొట్టకూడదు. కొడితే 15 గజాలు, కొత్తగా నాలుగు ప్రయత్నాలు. చిన్నగా తగిలితే 5 గజాలు. కానీ అడ్డుకునేవాడు ముందు బంతిని తాకి ఆ ఊపులో వాడికి తగిలితే నేరం కాదు. ఈ రక్షణ నిజమైనదే, మేము దాన్ని చాలా శ్రద్ధగా చూస్తాం. తగలకపోయినా పడిపోవడం మాత్రం నేర్పించకండి. మేము ముగ్గురం అదే కాలిని చూస్తూ ఉంటాం.

చివరగా ఫెయిర్ క్యాచ్ కిక్ వాడికి ఎప్పుడైనా దొరుకుతుందా అని అడిగారు. నేను 11 ఏళ్లలో ఒక్కసారే చూశాను. అక్టోబర్ చివర, ఎదురుగాలి బాగా ఉంది. ఒక జట్టు తన గోల్ గీత దగ్గర నుంచి పంట్ చేస్తే గాలికి బంతి ఎంతో దూరం పోలేదు, 32 గజాల గీత దగ్గర ఫెయిర్ క్యాచ్ అయింది. సగం ముగియడానికి 3 సెకన్లు. ఆ జట్టు కోచ్ రెఫరీని పిలిచి తన్నుతామన్నాడు. మేము ఐదుగురం మధ్యలో చేరి ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక నిమిషం మాట్లాడుకోవాల్సి వచ్చింది. అవతలి కోచ్‌కి ఇదేమిటో తెలియదు, తన పిల్లల్ని మామూలు ఫీల్డ్ గోల్‌కి నిలబెడుతుంటే రెఫరీ వెళ్లి 10 గజాల గీత చూపించాడు. నేను పోస్టు కింద నిలబడ్డాను. 42 గజాలు. ఆ కిక్కర్‌ది సన్నటి శరీరం, మీ అబ్బాయిలాగే సాకర్ నుంచి వచ్చినవాడట. గాలి ఇప్పుడు వాడి వెనక నుంచి వీస్తోంది. బాగా తన్నాడు, సూటిగా వచ్చింది, అడ్డకడ్డీకి రెండడుగుల కింద నుంచి వెళ్లి నా వెనక పడింది. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపి కాలేదని చూపించాను. ఆ పిల్లవాడు టీ తీసుకుని వెళ్లబోతూ నా దగ్గరికి వచ్చి, 'సర్, మళ్లీ ఇంకో ఫెయిర్ క్యాచ్ దొరికితే మళ్లీ అడగొచ్చా?' అన్నాడు. ఎన్నిసార్లు దొరికితే అన్నిసార్లూ అడగొచ్చని చెప్పాను.